ఈసారి సంతకం ఎవరిది?

చిన్న డబ్బాలో 50 దోమలు. డబ్బా మూతికి వలగుడ్డ. దానిమీద ముంజేయి ఆనించి కూర్చుంటే దోమలు కుట్టి మలేరియా పరాన్నజీవిని ఒంట్లోకి వదులుతాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఈ మధ్య టీకా వేసిన పద్ధతి ఇదే. ఆ పరాన్నజీవిలో ఒక జన్యువును ముందే తీసేశారు. అందుకే అది కాలేయం దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది, రక్తంలోకి దిగి జ్వరం తెప్పించలేదు. మూడు విడతలు కుట్టించుకున్న 9 మందికి తర్వాత అసలు మలేరియా ఎక్కించి చూస్తే 8 మందికి అంటలేదు. ఈ ఫలితం 2024 నవంబరులో వచ్చింది. ఒక్క విడతకే 10 మందిలో 9 మందికి రక్షణ దొరికిందని 2025 జనవరిలో మరో అధ్యయనం చెప్పింది.

మంచి కబురే, కాదనం. అక్కడ చెయ్యి చాపినవారంతా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు. తమ సంతకం తామే పెట్టి వచ్చారు. రేపు ఇలాంటి టీకా మన గడ్డమీద పరీక్షకు దిగినప్పుడు ఆ సంతకం ఎవరు పెడతారు? ఈ ప్రశ్న అడగాల్సి రావడమే సిగ్గుచేటు. అడగకుండా ఉండలేం. భద్రాచలం ఇంకా గుర్తుంది.

2009 జులైలో భద్రాచలం ఉన్న అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన బాలికలు, ఆశ్రమ పాఠశాలల పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ నడిపిన ప్రాజెక్టు అది, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అందులో భాగస్వామి. ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. హెచ్‌పీవీ టీకా మీద మాకు ఫిర్యాదు కూడా లేదు. బయటపడింది వేరే సంగతి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లో ప్రధానోపాధ్యాయులో సంతకాలు పెట్టేశారు. వాళ్లలా పెట్టొచ్చని ఆదేశమిచ్చింది అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే! కన్నవాళ్లు గూడెంలో ఉన్నారు, పిల్ల హాస్టల్లో ఉంది, సంతకం మాత్రం సర్కారు ఉద్యోగిది.

ఇది క్లినికల్ ట్రయల్ కాదని, డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు మాత్రమేనని అప్పుడు వాదించారు. ఆ ఒక్క మాటతో ట్రయల్ నిబంధనలన్నీ పక్కకు పోయాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వాదాన్ని చీల్చి చెండాడింది. అప్పుడు 'డెమో' అన్న మాట సంతకానికి అడ్డం వచ్చింది. ఇప్పుడు 'హానిచేయని' పరాన్నజీవి అన్న మాట వస్తోంది. మా టెన్షన్ అంతా దీని గురించే.

ఈ మాట వెనకున్న శాస్త్రం చిన్నది కాదు. ఇప్పుడున్న రెండు మలేరియా టీకాలూ పరాన్నజీవి పైపొర మీది ఒక ప్రొటీన్‌లో ముక్కనే మన ఒంటికి పరిచయం చేస్తాయి. వాటిలో ఒకదాని తయారీ మన హైదరాబాద్ భారత్ బయోటెక్ చేతికి వస్తోంది, రెండోది పుణె సీరం సంస్థది. దొంగ చొక్కా గుడ్డముక్క చూపించి ఊరంతా గాలించమనడం లాంటిది ఇది. అదే బతికున్న పరాన్నజీవిని కాళ్లు విరిచి లోపలికి పంపితే మొత్తం మనిషినే చూపించినట్టు. ఇంకో దారి కూడా ఉంది. ఎలుకలకు మలేరియా తెచ్చే పరాన్నజీవి మనిషి కాలేయంలోకి వెళ్లగలదు కానీ మనిషి రక్తకణాల్లో బతకలేదు. దానికి మనిషి మలేరియా జన్యువొకటి తగిలించి, పోర్చుగల్, నెదర్లాండ్స్ పరిశోధకులు డచ్ వాలంటీర్లకు విడతకు 75 దోమలతో కుట్టించారు. 2020లో ఫలితాలొచ్చాయి. పూర్తి రక్షణ ఒక్కరికీ రాలేదు. అయినా కాలేయంలో పరాన్నజీవి భారం సుమారు 95 శాతం తగ్గిందని లెక్కగట్టారు.

కాలా అజార్ కథ ఇంకా విచిత్రం. బిహార్, ఝార్ఖండ్ పల్లెల్ని దశాబ్దాలపాటు పీల్చి పిప్పి చేసిన ఆ జ్వరానికి కారణం లీష్మానియా అనే పరాన్నజీవి. దానికి బల్లి ఒంట్లో బతికే చుట్టమొకటి ఉంది, లీష్మానియా టారెంటోలే. మనిషికి అది జబ్బు తెప్పించదు. దాన్ని టీకాగా వేస్తే ఎలుకలు కాలా అజార్‌ను తట్టుకున్నాయని 2005లోనే చూపించారు. బల్లి మీద పడితే పంచాంగం తిరగేసే జనం మనం. ఆ బల్లిలోని జీవి రేపు టీకా సీసాలోకి రావచ్చు. దాని ప్రత్యేకత ఏమిటంటే పరాయి జన్యువుల్ని సులువుగా మోస్తుంది. హెచ్ఐవీ ప్రొటీన్‌ను మోయించి చూశారు. హెచ్‌పీవీ ప్రొటీన్‌ను కూడా ఎక్కించి ఎలుకల్లో పరీక్షించారు. హెచ్‌పీవీ! భద్రాచలం పిల్లల పేరుతో ముడిపడ్డ ఆ మూడు అక్షరాలే మళ్లీ ఎదురొస్తున్నాయి. మరోవైపు, సెంట్రిన్ అనే జన్యువును కత్తిరించిన లీష్మానియాతో సజీవ టీకా సిద్ధమవుతోంది. దాని తయారీలో పుణె జెన్నోవా సంస్థకు భాగముంది. ఇదంతా ఎక్కడో పరాయి దేశంలో జరిగే ముచ్చటని తోసేయడానికి లేదు.

హానిచేయదు సరే, ఎవరికి? డచ్ యువకుడికి హాని చేయనిది తిండి చాలని పిల్లకు చేయదని ఎవరు చూశారు? రోగనిరోధక శక్తి తగ్గినవారిలో లీష్మానియా ఎలా చెలరేగుతుందో బిహార్ వైద్యులకు తెలుసు. కాలా అజార్, హెచ్ఐవీ రెండూ కలిసి వచ్చినవారికి వైద్యం చేసింది వాళ్లే. ప్రాణమున్న లీష్మానియాను టీకాగా వేసిన అనుభవం లోకానికి ఇప్పటికే ఉంది. అది కోరలు పీకని జీవి, చర్మానికి పుండు తెచ్చే రకం. 1980లలో యుద్ధం నడుస్తుండగా ఇరాన్ దాదాపు 20 లక్షల మందికి దాన్ని వేసింది, ఎక్కువగా సైనికులకు, శరణార్థులకు. రక్షణ వచ్చింది. కొందరికి మాత్రం టీకా వేసినచోట మానని పుండ్లు మిగిలాయి. ఇప్పటి ల్యాబ్ జీవి వేరే, చాలా భద్రమైంది, ఒప్పుకుంటాం. కానీ శిబిరంలో ఉన్న శరణార్థి వద్దనగలడా? హాస్టల్లో ఉన్న పిల్ల వద్దనగలదా?

మామూలు టీకాలో ఉన్న ప్రొటీన్ కొన్నాళ్లకు కరిగిపోతుంది. బతికున్న జీవి లోపలికి వెళ్లాక 'మనసు మార్చుకున్నాను' అంటే వెనక్కి రాదు. కాబట్టి ఈ టీకాకు సంతకం విలువ మామూలు టీకా కంటే పదింతలు ఉండాలి. మన నిబంధనలు చూడండి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం బలహీన వర్గాలవారి అంగీకారాన్ని వీడియో తీయాలి. అయితే ఎప్పుడట? కొత్త రసాయనాన్నో కొత్త మాలిక్యూల్‌నో పరీక్షించేటప్పుడు. పరాన్నజీవి రసాయనమా? మాలిక్యూలా? రేపు ఏ కంపెనీ లాయరో ఈ సందులోంచి దూరిపోడని హామీ ఏది? డెమో పేరుతో దూరినవాళ్లను చూశాం కదా!

పరిశోధకులు చెప్పేదీ ఉంది. 2023లో మలేరియా ప్రపంచంలో 5,97,000 మంది ప్రాణాలు తీసిందని, ఇలాంటి అనుమానాలు రాస్తే జనం అసలు టీకాలకే దూరమవుతారని వాళ్ల బాధ. ఆ బాధ అర్థమవుతుంది. జనాన్ని టీకాకు దూరం చేసేది మాత్రం పత్రికలో రాత కాదు, వార్డెన్ సంతకమే. ఖమ్మం తర్వాత హెచ్‌పీవీ టీకా పేరెత్తితే ఏళ్ల తరబడి ఎంత అనుమానం నడిచిందో వైద్యులనే అడగండి. మంచి టీకాను చెడ్డ కాగితం ముంచింది.

పరీక్ష ఎక్కడ చేస్తారన్నది పెద్ద పజిల్ కాదు. మలేరియా టీకాను మలేరియా ఉన్నచోటే పరీక్షించాలి. మన దేశంలో అది ఎక్కడుంది? మల్కన్‌గిరిలో, బస్తర్‌లో, పాడేరు ఏజెన్సీలో, గోదావరికి ఇటువైపు భద్రాద్రి అడవుల్లో. కాలా అజార్ అయితే బిహార్‌లో ముసహర్లనే దళితుల టోలాల్లో, అంటే వాడల్లో. అంటే దోమ, రోగం, ఆశ్రమ పాఠశాల, వేలిముద్ర అన్నీ ఒకేచోట ఉన్నాయి. టీకా కంపెనీలున్న హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ నుంచి ఆ గూడేలకు ఒక్కరోజు ప్రయాణం. సీసా తయారయ్యేది ఇక్కడ, చెయ్యి చాపాల్సింది అక్కడ.

సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్న సంగతి బడిపిల్లలకూ తెలుసు. ఆ దోమలకు రక్తమిచ్చిన హుసేన్ ఖాన్ అనే రోగి ఎంతమందికి తెలుసు? ఒక్కో దోమ కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చానని రాస్ స్వయంగా రాసుకున్నాడు. రాస్‌కు నోబెల్, ఖాన్‌కు కొన్ని అణాలు. పోనీ, ఖాన్ చేతికి అణా అయినా అందింది, చెయ్యి అతనిదే. 2009లో ఆ పిల్లల చేతుల తరఫున వేరేవాళ్లు ఒప్పుకున్నారు. నూట పన్నెండేళ్లలో మనం ముందుకు వచ్చామా, వెనక్కి పోయామా?

ఇప్పుడు ఢిల్లీలో హడావుడి చూస్తే అందరికీ వేగమే కావాలి. కావాలని ఆరోగ్యవంతులకు రోగమెక్కించి టీకాలను పరీక్షించే అధ్యయనాలకు 2023లో ఐసీఎంఆర్ విధాన ముసాయిదా తెచ్చింది. పరీక్షకు కావాల్సిన మందు తయారీకి లైసెన్సులిచ్చే గడువును 90 రోజుల నుంచి 45కు తగ్గించాలని, చాలావాటికి సమాచారమిస్తే చాలనీ 2025 ఆగస్టులో ఆరోగ్యశాఖ మరో ముసాయిదా విడుదల చేసింది. అది ట్రయల్ అనుమతుల సంగతి కాదు, సరే. అయినా ప్రతి ముసాయిదాలోనూ రోజులు తగ్గుతున్నాయి. హాస్టల్ పిల్ల తరఫున వార్డెన్ సంతకం చెల్లదు అని ఒక్క వాక్యం రాయడానికి ఎన్ని రోజులు పడుతుంది? కన్నవాళ్ల దగ్గరికి గూడెం దాకా వెళ్లి, కోయ భాషలోనో కువి భాషలోనో చెప్పి, ఆ చెప్పడాన్ని వీడియో తీయాలి అని రాయడానికి ఎన్ని కమిటీలు కావాలి? సజీవ పరాన్నజీవి టీకాలన్నీ ఆ వీడియో నిబంధన కిందికే వస్తాయని తేల్చడానికి ఏ ముహూర్తం చూస్తున్నారు?

ట్రయల్స్‌లో నీతినియమాలు చూసే ఎథిక్స్ కమిటీల పెద్దలకూ ఒక మాట. మీ ముందుకు వచ్చే ఫైలులో 'హానిచేయని' అన్న పదం కనిపిస్తే కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదవండి. ఖమ్మం ప్రాజెక్టు ఫైలు కూడా మీలాంటివారి ముందు నుంచే వెళ్లింది. కేంద్ర ఆరోగ్యశాఖ అయితే ఇంకా బాకీ ఉంది. ఆ 2,763 పత్రాల మీద సంతకం పెట్టినవారిలో, పెట్టించినవారిలో ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారో పేరుపేరునా జాబితా వేసి, భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) గోడకు అంటించండి. దోమల డబ్బా ఆ తర్వాత తెరుద్దురు గాని.