కాజీపేట పార్శిల్ ఆఫీసు దగ్గర ఆగిన రేసు

వరంగల్ కుర్రాడు చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద రేసులో దిగాలంటే ముందు కాజీపేట స్టేషన్‌కు పోవాలి. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేసి, హ్యాండిల్‌కూ సైలెన్సర్‌కూ గోనెపట్టా చుట్టి, బండిని పార్శిల్‌లో వేయాలి. ట్రాకు ఆరు వందల కిలోమీటర్ల అవతల ఉంది. కరోనాతో 2020 మార్చి 22న ప్యాసింజర్ రైళ్లు నిలిచిపోయాయి. ఈ పిల్లల రేసులూ అక్కడే, ఆ పార్శిల్ ఆఫీసు దగ్గరే ఆగిపోయాయి.

ఫార్ములా 1 లాంటి పెద్ద కార్ల రేసుల సంగతి టీవీల్లో చూశాం. మెక్‌లారెన్ జట్టు సిబ్బందిలో ఒకరికి పాజిటివ్ రావడంతో మార్చి 13న ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రి రద్దయింది. 1955 నుంచి ఏటా జరుగుతున్న మొనాకో రేసు ఆ సంవత్సరం లేనే లేదు. అయినా జూలై 5న ఆస్ట్రియాలో ఖాళీ గ్యాలరీల ముందు సీజన్ మొదలుపెట్టి, డిసెంబరుకల్లా 17 రేసులు పూర్తిచేశారు. జట్ల మీద భారం తగ్గేలా మరుసటి ఏడాది ఖర్చు పరిమితిని 17.5 కోట్ల డాలర్ల నుంచి 14.5 కోట్లకు దించారు. వాళ్లకు దెబ్బ తగల్లేదని మేం అనడం లేదు. విలియమ్స్ కుటుంబం దశాబ్దాలుగా నడిపిన జట్టును ఆ ఆగస్టులోనే అమ్ముకుంది. కానీ ఆ లోకానికి టీవీ హక్కుల సొమ్ముంది, స్పాన్సర్లున్నారు, కష్టకాలంలో కూర్చుని దారి వెతికే సంస్థ ఉంది. మన జెహాన్ దారువాలా ఆ డిసెంబరులోనే బహ్రెయిన్‌లో, ఫార్ములా 1కు కింది మెట్టైన ఫార్ములా 2 రేసు గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడయ్యాడు.

మన ఊరి కుర్రాడికి వెనకెవరున్నారు? నెలల తరబడి కదలని బండి కార్బ్యురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా పేరుకుంటుంది. బ్యాటరీ పోతుంది. రేసు టైరు రబ్బరు గట్టిపడి పనికిరాకుండా పోతుంది. పైగా ఆటోనగర్‌లో షెడ్లు మూతపడి, నేర్పే మేస్త్రీకే పూట గడవని రోజులవి. ఇంట్లో జీతాలు ఆగాక, బండి అమ్మేసిన పిల్లలను తప్పుపట్టలేం.

ఇంజినీరింగ్ కాలేజీల్లో జరిగిన నష్టం ఇంకో రకం. విద్యార్థులు సొంతంగా రేసు కారు చేసే పోటీల్లో పని సీనియర్ చేతి నుంచి జూనియర్ చేతికి వస్తుంది. కారు బోల్తా పడినా డ్రైవరును కాపాడే రోల్ కేజ్ పైపు ఎక్కడ వంచాలి, వెల్డింగ్ ఎక్కడ విరుగుతుంది, ఇవన్నీ వర్క్‌షాపులో పక్కన నిలబడి నేర్చుకునేవి. క్యాంపస్‌లు మూసేసరికి సగం అతికిన ఛాసిస్, అంటే కారు చట్రం, తాళం వెనక ఉండిపోయింది. తెరిచేసరికి తెలిసినవాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయారు. నాలుగేళ్ల చదువులో ఒక్క ఏడాది తెగితే ఆ విద్య మళ్లీ మొదటికి వస్తుంది.

లాక్‌డౌన్ సడలాక ఖాళీ రోడ్ల మీద ఆ వేగమంతా బయటపడింది. మా విలేకరులు ప్రమాద వార్తలు రాస్తూనే ఉన్నారు. పిల్లలను తిట్టడం తేలిక, చోటు చూపించడమే కష్టం.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ దగ్గర ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. అందుకోసం రోడ్లు సిద్ధం చేశారు, నగరమంతా హడావుడి. మరుసటి ఏడాది ఆ రేసు రద్దయింది. ఒక్క రోజు పోటీకి అంత చేయగలిగిన రాష్ట్రం వరంగల్ శివార్లలో ఒక మట్టి ట్రాకు ఎందుకు వేయలేదు? కొన్ని ఎకరాలు, చుట్టూ పాత టైర్ల గోడ, జెండా పట్టే శిక్షణ పొందిన మార్షల్స్, రేసు రోజున గేటు దగ్గర ఒక అంబులెన్స్ చాలు. స్థలం ఇవ్వాల్సింది ప్రభుత్వం. హెల్మెట్, సూట్ లేనివాడిని లోపలికి రానివ్వని నిబంధన పెట్టాల్సింది క్రీడాశాఖ. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు ఉండాలని, ఈ ప్రాంత ఎమ్మెల్యేలు పార్టీలు చూసుకోకుండా ఆ మాట అసెంబ్లీలో అడగాలని కోరుతున్నాం.