చాయ్ కౌంటర్‌లో సమసమాజం

మాదాపూర్ అద్దాల మేడల్లోకి సమసమాజం వచ్చేసింది. తెచ్చింది ఏ పార్టీయో కాదు, డబ్ల్యూపీఎఫ్‌లో (విండోస్ యాప్‌ల తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సరంజామా) కస్టమ్ ప్యానెళ్లు, అంటే బటన్ల లాంటివి పెట్టుకునే సొంత గళ్లు రాసే మన డెవలపర్లే. ప్యానెల్‌లోని బటన్ల లిస్టు కోసం డిపెండెన్సీ ప్రాపర్టీ (డబ్ల్యూపీఎఫ్ దగ్గర నమోదు చేసే ప్రత్యేక ప్రాపర్టీ) రిజిస్టర్ చేస్తూ, డిఫాల్ట్ వాల్యూ దగ్గర ‘న్యూ అబ్జర్వబుల్ కలెక్షన్’, అంటే ఒక కొత్త లిస్టు, అని ఒక్క ముక్క పడేస్తారు. ఆ రిజిస్ట్రేషన్ స్టాటిక్, అంటే ఒక్కో ప్యానెల్‌కి కాదు, వాటన్నిటి నమూనా అయిన క్లాసుకు ఒక్కసారే జరుగుతుంది. కాబట్టి ప్యానెళ్లు ఎన్ని పుట్టినా లిస్టు ఒక్కటే. సొంత ఆస్తి రద్దు!

ఒక ఇరానీ హోటల్ బిల్లింగ్ స్క్రీన్ తీసుకోండి. జామెల్‌లో (తెర రూపం రాసే భాష, XAML) ఎడమ ప్యానెల్ కింద చాయ్, ఉస్మానియా బిస్కెట్, లుఖ్మీ అని మూడు బటన్లు రాశారు. కుడి ప్యానెల్ కింద బిల్లు, రద్దు. రన్ చేస్తే రెండు ప్యానెళ్ల లిస్టులోనూ ఐదేసి. విండో మూసి మళ్లీ తెరిస్తే పదేసి, ఇంకోసారి తెరిస్తే పదిహేనేసి. మూసేసిన విండో తాలూకు ఆబ్జెక్టులను (పాత బటన్లను) స్టాటిక్ లిస్టు పట్టుకునే ఉంటుంది, అందుకే వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ వాటి జోలికి పోదు.

అప్పుడు సీనియర్ గారు రంగంలోకి దిగుతారు. కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ప్యానెల్ పుట్టగానే నడిచే కోడ్‌లో, లిస్టు ఖాళీ చేసే ‘క్లియర్’ పిలుస్తారు. రెండో ప్యానెల్ పుడుతూనే మొదటి ప్యానెల్ సరుకంతా ఊడ్చేస్తుంది. ఇప్పుడు రెండు వైపులా బిల్లు, రద్దు. ఇరానీ హోటల్లో చాయ్ లేదు, బిల్లు మాత్రం రెండు చోట్ల ఉంది! ‘డూప్లికేట్ల సమస్య తీరింది’ అని ఫిర్యాదు టికెట్ మూసేస్తారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ గంటకోసారి యాప్ ఆపి మళ్లీ తెరవమని కౌంటర్ దగ్గరి కుర్రాడికి చెప్పి చేతులు దులుపుకుంటారే, అక్కడ ఒళ్లు మండుతుంది. క్యూలో తిట్లు తినేది అతను. ఈ గొయ్యి గురించి మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లో కలెక్షన్ ప్రాపర్టీలకని విడిగా పేజీ పెట్టి మరీ రాశారు. చదవడానికి ఏం రోగం?

చేయాల్సింది చాలా చిన్న పని. డిఫాల్ట్ వాల్యూలో లిస్టు పెట్టకండి. ప్రాపర్టీని రీడ్‌ఓన్లీగా (బయటివాళ్లు మార్చలేనట్టు) రిజిస్టర్ చేసి, కన్‌స్ట్రక్టర్‌లో ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చిన కీతో ‘సెట్‌వాల్యూ’ పిలిచి ప్రతి ప్యానెల్‌కీ కొత్త లిస్టు ఇవ్వండి. జామెల్ పార్సర్ (జామెల్‌ను చదివే భాగం) గెట్టర్, అంటే ప్రాపర్టీ విలువను తిరిగిచ్చే కోడ్, ఇచ్చిన లిస్టులోకే ఆబ్జెక్టులను చేరుస్తుంది. ఆ ప్రాపర్టీకి బైండింగ్ (డేటాతో ముడి) అక్కర్లేకపోతే మామూలు గెట్టర్ చాలు, డిపెండెన్సీ ప్రాపర్టీ హంగామా దేనికి?

కన్‌స్ట్రక్టర్‌లో ఆ ‘సెట్‌వాల్యూ’ లైను మర్చిపోతే ప్రాపర్టీ నల్ (ఖాళీ, లిస్టే లేదు) అని పార్సర్ అక్కడికక్కడే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. చడీచప్పుడు లేకుండా లిస్టులు కలిసిపోవడం కన్నా అది నయం.