మేస్త్రి కట్టిన చీపురు

ఒడిశాలోని మన తెలుగు సంఘం కల్యాణ మండపానికి పై అంతస్తు శ్లాబు వేసిన తరువాత జరిగిన సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఎవరూ దాన్ని పైకి అనలేదు కనుక నేను రాస్తున్నాను. ఒడియా మేస్త్రి ఒక వెదురు బొంగు చివర పాత చీపురును, చిల్లుపడిన తట్టను, తెగిన చెప్పును కట్టి దిష్టి తగలకుండా కట్టడం మీద నిలబెట్టాడు. ఉగాది పూజకు వచ్చిన కార్యవర్గ పెద్ద ఒకరు దాన్ని చూసి, "పండగపూట ఈ దరిద్రమేమిటి? వీళ్ళ మూఢనమ్మకాలు మన మండపానికెందుకు?" అని గట్టిగానే అని దింపించారు. మేస్త్రికి తెలుగు బాగా వచ్చు. అతను మారు మాట్లాడకుండా ఆ చీపురును సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. మరో పావుగంటకు అదే చోట, అదే తాడుతో, మనవాళ్ళు పసుపు కుంకుమలు పెట్టిన బూడిదగుమ్మడికాయను వేలాడదీశారు. ఆ తాడు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

బరంపురంలో మా ఇంటికీ పక్కనున్న ఒడియావారి ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. మా నాయనమ్మ ఆదివారం సందెవేళ మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. 'పొరుగు' అన్న మాట దగ్గర ఆమె గొంతు తగ్గేది, ఎందుకంటే ఆ పొరుగావిడ గోడకు ఆనుకునే నిలబడి ఉండేది. ఒకనాడు ఆవిడ కొంగులోంచి నాలుగు మిరపకాయలు తీసి గోడ మీద పెట్టి, "పొరుగు దిష్టంటే నాదే కదా నానీ, మిరపకాయలు కూడా నావే వెయ్యి" అన్నది. అప్పటినుంచి మా దిష్టి మిరపకాయలు ఆ ఇంటినుంచే వచ్చేవి. గురువారంనాడు ఆవిడ చేబదులు ఇవ్వదని నాయనమ్మకు తెలుసు. శుక్రవారం దీపాలు పెట్టాక మా ఇంటినుంచి ఉప్పు గడప దాటదని ఆవిడకూ తెలుసు. వారానికి ఆ రెండు రోజులూ గోడ మీదుగా మాటలు మాత్రమే నడిచేవి. నాయనమ్మను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. గుడ్లగూబ అరిస్తే ఆమె మాచేత రాళ్ళు వేయించేది, ఆ పక్షి గోడకవతలివారికి లక్ష్మీదేవి వాహనమని తెలిసి కూడా.

మనది ఆచారం, ఎదుటివారిది మూఢనమ్మకం అనే లెక్క ఎక్కడా నిలవదు. ఇంగ్లండులో 13 అంటే భయపడతారు. ఇటలీలో అదే అంకె శుభం, అక్కడి భయమంతా 17తోనే, ఎందుకంటే రోమన్ పద్ధతిలో రాసిన ఆ అంకెలోని అక్షరాలను తారుమారు చేస్తే 'నా బతుకు అయిపోయింది' అనే అర్థమిచ్చే లాటిన్ మాట వస్తుంది. జపానులో 4ను పలికే తీరు చావు అనే మాటను తలపిస్తుంది. తుర్కీ గుమ్మాలకు నీలిరంగు గాజుకన్ను వేలాడుతుంది. మన గుమ్మడికాయ, మేస్త్రి చీపురు చేసే పని కూడా ఆ గాజుకన్ను పనే: చూసేవాడి చూపు ముందు తమమీద పడేటట్టు చేసి ఇంటిని తప్పించడం. నేను వీటిని నమ్మను. మా మనవరాలి అరికాలికి కాటుక చుక్క పెట్టడం మాత్రం మానలేదు.

అన్నిటికన్నా చీపురును దరిద్రమన్న మాట నాకు బాధ కలిగించింది. చీపురును కాలితో తన్నితే కళ్ళకద్దుకోమని మనకు నేర్పినవాళ్ళు ఎవరు? మార్గశిర గురువారాల్లో మన పొరుగువారు గడపల్లో బియ్యప్పిండితో ఝోటి అనే ముగ్గు వేసి, కొలపాత్ర అయిన మాణను కొత్త ధాన్యంతో నింపి, ఒడియా కవి బలరామదాసు రాసిన లక్ష్మీపురాణం చదువుతారు. అందులో లక్ష్మి, శుభ్రంగా ఊడ్చి అలంకరించిన వాకిలిని చూసి, ఊడ్చే కులానికి చెందిన శ్రియ ఇంట అడుగుపెడుతుంది. బలభద్రుడు అది సహించలేక ఆమె భర్త, తన తమ్ముడు అయిన జగన్నాథుడిచేత ఆమెను పూరీ గుడినుంచి పంపించివేయిస్తాడు. ఆ తరువాత అన్నదమ్ములిద్దరూ అన్నం పుట్టక తిరిగి, చివరకు ఆమె చేతి కూటికే చేరతారు. ఉగాదినాడు మన మండపంలో ఆ అన్నగారి వేషం ఎవరు కట్టారో వేరే చెప్పనక్కరలేదు.

1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతం మదరాసు రాజధాని నుంచి ఒడిశాలో చేరినప్పుడు మన తాతలు ఇల్లు కదలకుండానే పరాయి రాష్ట్రంవారయ్యారు. మన భాషకూ మన పండుగలకూ ఇక్కడ మర్యాద దక్కాలని ఈ పత్రికలోనే ఎన్నిసార్లు రాసుకున్నాము! ఆ మర్యాదను మన గుమ్మంలోకి వచ్చి పనిచేసే మనిషికి మనమూ ఇవ్వవలసి ఉంటుంది. ఆ గుమ్మడికాయ ఎటూ ఎండకు కుళ్ళిపోతుంది, మార్చక తప్పదు. మార్చే రోజున మేస్త్రిని పిలిచి, తాంబూలమిచ్చి, దాని పక్కనే ఆ చీపురును అతనిచేతనే మళ్ళీ కట్టించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. తాడు నేను పట్టుకుంటాను.