పొర మీద పొర గారికి ఒక పల్లపు ఇంటి లేఖ

మహారాజశ్రీ పొర మీద పొర గారి సముఖానికి,

ఒంగోలులో కర్నూలు రోడ్డుకు కాస్త లోపలగా, తమరి కంటే అడుగున్నర పల్లంలో కాపురముంటున్నవాడు రాసుకునేది. ఉభయకుశలోపరి అనాలి గానీ, కుశలమంతా తమ వైపే ఉన్నట్టుంది. వచ్చినప్పుడల్లా ఎదుగుతున్నారు. మా ఇల్లు మాత్రం కట్టిన చోటే ఉండిపోయింది.

పాత రోడ్డును తీయకుండా దాని మీదే పరిచే కొత్త తారు పొర కదా తమరు, ఇంజనీర్లు తమరిని ఓవర్‌లే అంటారట. మేము పేరేమీ పెట్టలేదు. ఎన్నికల ముందు వస్తారని మాత్రం తెలుసు.

మా నాయన ఇల్లు కట్టిన రోజుల్లో వీధిలోంచి మెట్లెక్కి అరుగు మీదికి, అరుగు మీంచి ఇంట్లోకి వెళ్లేవాళ్లం. తమరు మెట్లను ఒక్కొక్కటిగా మింగుతూ వచ్చి ఇప్పుడు అరుగుతో సమానమయ్యారు. ఆటోవాళ్లు మా అరుగును పార్కింగ్ అనుకుంటున్నారు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, వీధిలో నిలవాల్సిన నీళ్లు తమరి పుణ్యమా అని మా నట్టింట్లో నిలిచాయి. బియ్యం డబ్బా మంచమెక్కింది, మేము డాబా ఎక్కాం. ఇంత జరిగినా మా అమ్మ తమరిని పల్లెత్తు మాట అనలేదు. "వాళ్లు రోడ్డు బాగానే ఏశారు గానీ, మీ నాయనే ఇల్లు పల్లంలో కట్టాడ్రా" అంది. పోయినాయన మీద నింద పడింది, తమరు తప్పించుకున్నారు. ఇంత నేర్పు ఏ రాజకీయ నాయకుడికైనా ఉందా?

వీధిలో కొత్తగా ఇళ్లు కట్టేవాళ్లు తెలివిమీరారు. ముందుగానే మెరక తోలించి, బేస్‌మెంట్ రోడ్డుకు మూడడుగులు పైన లేపుతున్నారు. తమరు మళ్లీ వస్తారు, వాళ్ల మెట్లు కూడా మింగుతారు. డబ్బున్నవాళ్లు పాత ఇంటిని జాకీల మీద పైకి లేపిస్తున్నారు. రోడ్డును గీకడం కన్నా ఇంటిని లేపడమే సులువని ఊరు ఊరంతా నమ్మేసిందంటే తమరి ప్రచారం ఎంత గొప్పదో చూడండి. మురుగు కాల్వల గోడలు కూడా తమరితో పోటీపడి పెరుగుతున్నాయి.

ఇక తమరి విద్య సంగతి. పాత రోడ్డు పగిలితే దాన్ని కదిలించరు. పైన ఇంత తారు చల్లి, వేడి కంకర పరిచి, రోలర్ తిప్పి, ఫొటో దిగి వెళ్లిపోతారు. కింది పొరలో పగులుంటే అది కొన్నాళ్లకు కొత్త పొరలోంచి కూడా పైకి వస్తుందని రోడ్డు పని తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. పైన పటారం, లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నాకు అసలు మంట ఎక్కడంటే, తమరి కింద సమాధి అయిన సరుకు మంచిది. తారు రోడ్డు మిశ్రమం నూరు కిలోలు తీసుకుంటే దాదాపు 95 కిలోలు రాయే, తారు ఐదారు కిలోలకు మించదు. ఎండకూ గాలికీ ముసలితనం వచ్చేది ఆ తారుకే. అది గట్టిపడి పెళుసవుతుంది. రాయికి ముసలితనమేముంది? మిల్లింగ్ మిషన్ పెట్టి పై పొరను గీకి, ఆ ముక్కల్ని జల్లెడ పట్టి, కొత్త కంకరతో, కాస్త మెత్తటి రకం తారుతో ప్లాంటులో కలిపితే మళ్లీ రోడ్డవుతుంది. రాయీ మిగులుతుంది, తారూ మిగులుతుంది, మా మెట్లూ మిగులుతాయి. తమరు చేసేది, కుండలో నిన్నటి అన్నం ఉండగానే దాని మీద ఇవాళ్టి అన్నం వండి పోయడం.

ఇదేదో నేను అరుగు మీద కూర్చుని కనిపెట్టిన సిద్ధాంతం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని ఒకటుంది, పార్టీ కాదు లెండి. తారు రోడ్లను మళ్లీ ఎలా వాడాలో చెబుతూ ఆ సంస్థ 2015లోనే ఐఆర్‌సీ 120 అనే పుస్తకం వేసింది. కూల్చిన ఇళ్ల కాంక్రీటు, ఇటుకల్ని రోడ్డు కింది పొరల్లో వాడుకోవడానికి 2017లో ఐఆర్‌సీ 121 తెచ్చింది. మన పక్క రాష్ట్రం తమిళనాడులో, పాత రోడ్డును గీకకుండా కొత్తది వేసి ఇళ్లను పల్లం చేయొద్దని 2021లో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శే ఆదేశాలిచ్చారు. తడ దాటితే ఉన్న ఆ ఆదేశానికి తడ ఇవతలికి రావడానికి ఏ బస్సూ దొరకలేదు కాబోలు.

ఈ పని తేలికని నేననను. గీకిన సరుకు తడవకుండా దాచాలి, అందులో సన్న రాయెంత, దొడ్డు రాయెంత, తారు ఎంత మిగిలిందో పరీక్ష చేయాలి, పాత సరుకు కలిపే ఏర్పాటు ప్లాంటుకు ఉండాలి. మోతాదు మించితే రోడ్డు బిరుసెక్కి తొందరగా పగులుతుంది. ఇంత తలనొప్పి ఎందుకని తమరినే పిలుస్తున్నారు. తమరికి పరీక్షలుండవు, బిల్లు మాత్రమే ఉంటుంది.

రాయి ఎక్కడి నుంచి వస్తుందో తమరికి చెప్పాలా? చీమకుర్తి మాకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ అక్కడిదే, ప్రపంచమంతా ఎగుమతవుతుంది. పెద్ద బ్లాకులుగా కోయడానికి పనికిరాని రాయి అక్కడే గుట్టలుగా మిగులుతుంది. కొండల్ని తవ్వి గోతులు చేశాం, పక్కనే గుట్టలు పోసి మళ్లీ కొండలు చేశాం. ఆ గుట్టల్ని ఆడించి కంకర చేస్తే రోడ్డుకు కావాల్సినంత గట్టి రాయి. అవి అట్టా ఉండగానే ఇంకో కొండకు మందుగుండు పెడతారు, ఎందుకంటే తమరు కొత్త రాయి తప్ప ముట్టరు. ఎంత మడి!

నెల్లూరు వైపు ఇంకో గుట్ట ఉంది, బూడిదది. కృష్ణపట్నం రేవు దగ్గర బొగ్గుతో కరెంటు చేస్తారు, బొగ్గు కాలితే బూడిద మిగలక తప్పదు. 2021 డిసెంబరు 31న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు రోడ్డు కట్టలు వేసేవాళ్లు షరతులకు లోబడి బూడిద వాడాల్సిందేనని దాని సారం. 300 కిలోమీటర్లంటే నెల్లూరు, ఒంగోలు రెండూ అందులోకే వస్తాయి. మాకు కట్టల కింద కనిపిస్తున్నది మాత్రం ఎర్ర గ్రావెలే. పొలాలు, చెరువులు, గుట్టలు తిన్నది చాలక ఇంకా ఎక్కడ దొరుకుతుందా అని టిప్పర్లు తిరుగుతూనే ఉన్నాయి.

నెల్లూరు దగ్గర దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని విని విని మా చెవులు కాయలు కాశాయి. వస్తే రానివ్వండి. రన్‌వే దగ్గర మాత్రం పాత సరుకును ఇష్టమొచ్చినట్టు వాడటం కుదరదు. అమెరికా విమానయాన శాఖ రన్‌వే పై పొరలో పాత తారు ముక్కల్ని కలపనివ్వదు, అంచులకు, కింది పొరలకు మాత్రం ఒప్పుకుంటుంది. ఒక్క రాయి ఊడి ఇంజన్‌లోకి పోయిందంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అది భయమే గానీ అర్థమున్న భయం: ఎక్కడ కూడదో చెప్పారు, ఎక్కడ వాడొచ్చో కూడా చెప్పారు. డెన్వర్‌లో స్టేపుల్టన్ విమానాశ్రయం 1995లో మూతపడితే, దాని రన్‌వేల కాంక్రీటును లక్షల టన్నుల్లో పగలగొట్టి మళ్లీ నిర్మాణాలకు వాడుకున్నారు. విమానాలు దిగిన రాయికి రెండో జన్మ ఉంటే, మా వీధిలో ఎద్దుల బళ్లు, ఆటోలు తిరిగిన రాయి ఏం పాపం చేసింది?

ప్లాస్టిక్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. మదురై కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన రాజగోపాలన్ వాసుదేవన్ గారు, వేడి కంకర మీద ప్లాస్టిక్ తురుము చల్లితే కరిగి రాయికి పూతలా పడుతుందనీ, దాని మీద తారు బాగా పట్టుకుంటుందనీ చూపించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పీవీసీ మాత్రం కలపకూడదు, కాలితే విషవాయువు. రోడ్డు అరిగాక ఆ ప్లాస్టిక్ పొడి ఎక్కడికి పోతుందన్న అనుమానం నాకైతే ఉంది. అయినా మా కాల్వలో ఇరుక్కుని నీళ్లను ఆపుతున్న కవర్ల కంటే అది నయమేమో. తమరి లోపల ఉండాల్సినవి తమరి పక్కన ఉన్నాయి.

మా వీధికి మళ్లీ అంచనాలు తయారవుతున్నాయని విన్నాను. మనవి ఒక్కటే. అందులో "పాత పొర గీకుట" అని ఒక వరస రాయించండి, ఎన్ని మిల్లీమీటర్లో కూడా. దాని కింద "గీకిన సరుకు విలువ తగ్గింపు" అని ఇంకో వరస. ఆ రెండోది మర్చిపోతే గీకిన సరుకంతా రాత్రికి రాత్రి లారీలెక్కి ఊరి బయట ఏ వెంచర్‌లోనో లోపలి రోడ్డుగా తేలుతుంది. తూకం కాగితాలు వార్డు సచివాలయంలో గోడకు అంటించమనండి. చదవడానికి నేనొస్తాను, మా అమ్మనూ తీసుకొస్తాను.

ఇట్లు,
తమరి కింది ఇంటివాడు

తా.క.: మ్యాన్‌హోల్ మూత ఒకటి పోయినసారి తమరి కిందే ఉండిపోయింది. గీకేటప్పుడు జాగ్రత్త, మిషన్ పళ్లు విరుగుతాయి.