ఉద్దానం గర్భిణికి క్రియాటినిన్ పరీక్ష మూడో నెలలోనే చేయాలి

గర్భిణికి బీపీ అనగానే మన శ్రీకాకుళం జిల్లాలో ఏడో నెల గుర్తొస్తుంది. కాళ్లకు నీరు పట్టి, తలనొప్పితో చూపు మసకబారి, గుర్రపువాతం వస్తుందేమోనన్న భయంతో 108కు ఫోన్ చేసే దశ అది. అప్పుడు చేసేది చికిత్స. నివారణకు అదను నాలుగో నెలతోనే దాటిపోతుంది.

ఈ బీపీ ముప్పు ఎక్కువున్నవారికి దాన్ని నివారించేందుకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది. 2017లో వెలువడిన ఆస్ప్రి అధ్యయనంలో, ముప్పున్న గర్భిణులకు 11-14 వారాల నుంచి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాలలోపు కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా (గర్భంతో వచ్చే ప్రమాదకరమైన బీపీ జబ్బు) 62 శాతం తగ్గింది. ఇది బీపీని దించే మందు కాదు. మాయ కుదురుకునే రోజుల్లో దానికి రక్తం సాఫీగా అందేలా చూస్తుంది. అందుకే 16 వారాలలోపే మొదలుపెట్టాలి.

ఎవరికి ముప్పు? గత కాన్పులో బీపీ వచ్చినవారికి, కవలలున్నవారికి, షుగర్ ఉన్నవారికి, కిడ్నీ జబ్బున్నవారికి. ఈ చివరి మాట దగ్గర ఉద్దానం ఉలిక్కిపడాలి. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు చప్పుడు చేయకుండా వస్తుంది. మొదట్లో చాలామందికి బీపీ పెరగదు, వాపు ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. అంటే సబ్‌సెంటర్లో బీపీ చూసి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ చూసి పంపేస్తే కిడ్నీ జబ్బున్న అమ్మాయి దొరకదు. రక్తంలో క్రియాటినిన్ చూడాలి; కిడ్నీలు వడపోసి బయటకు పంపాల్సిన వ్యర్థం అది, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. చూసినా సరిగ్గా చదవాలి. గర్భంతో క్రియాటినిన్ మామూలుగా తగ్గుతుంది కాబట్టి, మిగతావాళ్లకు నార్మల్ అనిపించే 1.0 గర్భిణి విషయంలో అనుమానించాల్సిన అంకె.

ఆస్పిరిన్‌తో రక్తస్రావం అవుతుందని కొందరు డాక్టర్లు వెనకాడతారు. కొన్ని అధ్యయనాల్లో అది కొద్దిగా పెరిగిన మాట నిజమే. అల్సర్, ఆస్పిరిన్ పడని ఆస్తమా ఉన్నవారికి ఇవ్వకూడదు కూడా. అందుకే డాక్టరే ఎంచి రాయాలి. అంతేగానీ, ముప్పున్న మనిషికి రూపాయి కూడా పడని మాత్ర ఆపేయడానికి అది కారణం కాదు.

అసలు చిక్కు ఆలస్యంలో ఉంది. మూడో నెల నిండేదాకా నలుగురికీ చెప్పకూడదంటారు. హైదరాబాదుకు వలసపోయిన పిల్లను పురిటికి పుట్టింటికి తెచ్చేసరికి అదను దాటిపోతుంది.

2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. కానీ ఉద్దానంలో చాలామందికి వైద్యం జబ్బు ముదిరాక డయాలసిస్ మంచం దగ్గరే మొదలవుతోంది. దాన్ని ముందుకు జరపండి. ప్రతి నెలా 9న పీహెచ్‌సీల్లో గర్భిణుల పరీక్షలు ఎలాగూ జరుగుతున్నాయి. ఉద్దానం మండలాల్లో ఆ రోజు మూడో నెల గర్భిణులందరికీ క్రియాటినిన్ చూడాలి, ఆస్పిరిన్ ఇవ్వాలో వద్దో డాక్టర్ అప్పుడే తేల్చి మాతాశిశు కార్డుపై రాయాలి.