సవరణ: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పుంటే రెస్క్యూ కాదు, ఎమర్జెన్సీ

పోయిన వారం రాసిన దాంట్లో ఒక తప్పుంది, సరిచేస్తా ఉన్నా. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ చేయాలో (తగిలించాలో) రాసుండే ఫైల్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (/etc/fstab), దాంట్లో తప్పు పడి లినక్స్ సర్వర్ లేవకపోతే బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర రెస్క్యూ (rescue, ఒక రిపేరు మోడ్) అని చేర్చి కంట్రోల్ ఎక్స్ కొట్టమన్నా. ఈ పనికి అది సరైన దారి కాదు. రెస్క్యూ కూడా లోకల్ డిస్కులన్నీ మౌంట్ చేయాలనే చూస్తుంది, లేని డిస్క్ కోసం మామూలుగా 90 సెకన్లు కాచుకొని అప్పుడు ఫెయిలవుతుంది.

రేణిగుంటలో తమ్ముడొకడు నా మాట నమ్మి రాత్రి పదకొండుకి అట్లే చేసి, స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ కదలతా ఉంటే చూస్తా కూర్చొని ఫోన్ చేసినాడు, "అన్నా, ఇది ముందుకి పోలేదన్నా" అని. నిజంగా బాధేసింది, క్షమించండి.

రెస్క్యూ బదులు ఎమర్జెన్సీ (emergency) అని చేర్చండి, అది ఆ డిస్కులు మౌంట్ చేయాలని చూడదు. రూట్ (అడ్మిన్ యూజర్) పాస్‌వర్డ్ ఇస్తే షెల్ (కమాండ్లు కొట్టే స్క్రీన్) వస్తుంది, కానీ డిస్క్ రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) ఉంటుంది కాబట్టి ఎడిట్ చేసినా సేవ్ కాదు, ముందు రూట్ డిస్క్‌ని (/) రీడ్ రైట్‌గా రీమౌంట్ చేసుకోండి, ఆ తర్వాత బ్లాక్‌ఐడీ (blkid) కమాండ్ కొట్టి యూయూఐడీ (ఒక్కో డిస్క్‌కి ఉండే గుర్తింపు నంబర్) ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్నదాంతో సరిపోల్చుకొని తప్పు లైన్ దిద్దండి, లేదంటే దాని ముందర హ్యాష్ (#) పెట్టి రీబూట్ చేయండి.

డెబియన్‌లో (ఒక రకం లినక్స్) రూట్ అకౌంట్ లాక్ అయి ఉంటే ఆ షెల్ కూడా రాదు, అందుకని సర్వర్ బాగున్నప్పుడే రూట్ పాస్‌వర్డ్ పెట్టి ఉంచుకోండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో డేటా డిస్కుల లైన్లలో నోఫెయిల్ (nofail) అని రాసుకుంటే ఆ డిస్క్ లేకపోయినా సర్వర్ లేస్తుంది.