తాత్కాలిక అద్దె ఒప్పందం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాత్కాలిక అద్దె ఒప్పందం గారికి నమస్కారాలు.

మూతపడిన ఫ్యాక్టరీలూ అద్దాలు పగిలిన గోదాములూ ఉన్న పేటను బాగుచేయాలనుకున్న ప్రతి నగరమూ ముందు మిమ్మల్నే రంగంలోకి దింపుతుంది. అచ్చు పని, కుండల పని, సంగీతం చేసుకునే మాలాంటివాళ్లను చౌక అద్దె చూపించి మీరు పిలుస్తారు. దీనికి ‘సృజనాత్మక వ్యాపారాలకు చేయూత’ అని పేరు. ఆ చేయి ఎంత గట్టిదో మీ ఏడో షరతులో ఉంది: నెల రోజుల నోటీసుతో ఖాళీ చేయవలెను. ఎనిమిదోది మరీ ముచ్చటైనది: అద్దెదారు సొంత ఖర్చుతో చేయించిన మరమ్మతులన్నీ యజమానికే చెందును.

మా పక్క గదిలో పింగాణీ పాత్రలు చేసే మిత్రుడు కారే పైకప్పు బాగుచేయించాడు, విద్యుత్ బట్టీ కోసం గోడలు తొలిచి లావుపాటి వైర్లు లాగించాడు. రేపు పొమ్మంటే బట్టీని లారీ ఎక్కించవచ్చు. లోపలి ఇటుకలు దారిలోని కుదుపులకే పగుళ్లిస్తాయి. కప్పూ వైర్లూ భద్రంగా మీ యజమానికి మిగులుతాయి.

పేట ప్రచార పత్రంలో మట్టి అంటిన అతని చేతుల ఫొటో వేశారు. ముఖం వేయలేదు. అది ముందుచూపే, తర్వాత ఎవరి చేతులైనా సరిపోతాయి.

మీకు చరిత్ర తెలియదనుకోను. న్యూయార్క్ సోహోలో ఖాళీపడ్డ కార్ఖానా అంతస్తుల్లో కళాకారులు నివసించడానికి 1971లో నగరమే అనుమతించింది. ఇప్పుడక్కడ ఖరీదైన దుకాణాలు వెలుగుతున్నాయి. అదే నగరంలో, క్వీన్స్‌లోని ‘ఫైవ్ పాయింట్జ్’ అనే పాత ఫ్యాక్టరీ గోడల బొమ్మలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవారు. 2013 నవంబరులో యజమాని వాటి మీద రాత్రికి రాత్రి తెల్లరంగు పూయించాడు. 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్లు చెల్లించాలని 2018లో కోర్టు తీర్పిచ్చింది. ఫ్యాక్టరీని కూల్చి లేపిన అపార్టుమెంట్లకు మాత్రం ఆ పాత పేరే పెట్టారు. చీమల పుట్టలో పాములు చేరడం ఎప్పుడూ ఉన్నదే. గుమ్మానికి ‘చీమల నిలయం’ అని బోర్డు తగిలించడమే కొత్త.

మా వీధిలో మొదటి కాఫీ దుకాణం తెరిచినప్పుడు సంబరపడ్డాం. మూడోది వచ్చాక అట్టపెట్టెలు పోగుచేస్తున్నాం.

నిధులు లేవని అనకండి. గోడబొమ్మలకు, ప్రారంభోత్సవాలకు, రిబ్బన్లకు ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2013లో ఏర్పడిన ఒక ట్రస్టు భవనాలే కొని కళాసంస్థలకు అద్దెకిచ్చి, తర్వాత వాటిని కొనుక్కునే వీలు కూడా కల్పించింది. అంత ఔదార్యం మీ నుంచి ఆశించడం లేదు. పదిహేనేళ్ల గడువు, ధరల సూచీని దాటి పెరగని అద్దె, ఖాళీ చేయిస్తే మా మరమ్మతుల ఖర్చు వాపసు. ఈ మూడూ రాయడానికి చోటు లేదంటారా? మొదటి పేజీలో యజమాని గారి బిరుదులు కాస్త తగ్గిస్తే సరిపోతుంది.

ఇట్లు,
ప్రస్తుతానికి రెండో అంతస్తులో ఉన్న అద్దెదారు